మిల్లు ఆఫీసులో లినక్స్: గోదావరి జిల్లాల వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

తణుకు నుంచి అమలాపురం దాకా రైసు మిల్లులు, రొయ్యల ప్లాంట్లు, మేత డీలర్లు, కొబ్బరి కొట్లు, బట్టల షాపులు. కంప్యూటర్ పని మీద ఎక్కడికెళ్ళినా ఈమధ్య లినక్స్ మాట వస్తోంది. ఆడిటర్ గారు అన్నారనో, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి ఫోన్లో పోరు పెడుతున్నాడనో అడుగుతారు. అడిగేవి ఇంచుమించు ఇవే. లినక్స్ అమ్మి బతికేవాణ్ణి కాదు కాబట్టి వద్దని చెప్పాల్సిన చోట వద్దనే రాశాను.

లినక్స్ అంటే ఏమిటండీ? విండోస్ లాంటిదేనా?

చేసే పని అదే. ప్రాసెసర్నీ, మెమరీనీ, డిస్కునీ, ప్రింటర్నీ అదుపులో పెట్టుకుని, మీ బిల్లింగ్ ప్రోగ్రాము నడవడానికి చోటిస్తుంది. తేడా పుట్టుకలో ఉంది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలెట్టిన యూనిక్స్ దీనికి మూలపురుషుడు. ఆ యూనిక్స్ కాస్తా కంపెనీల చేతుల్లో ఖరీదైన సరుకైపోయింది. అలాగే పనిచేసేదాన్ని అందరూ వాడుకునేట్టు కొత్తగా రాస్తామని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ దానికి లోటుగా ఉన్న కెర్నెల్, అంటే యంత్రాన్ని అదుపులో పెట్టే మూలభాగం, రాశాడు. మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కిందకి తెచ్చాడు. ఆ లైసెన్సు ప్రకారం ఎవరైనా వాడొచ్చు, ఎన్ని యంత్రాల్లోనైనా ఎక్కించొచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే మాత్రం సోర్సు కోడ్, అంటే ప్రోగ్రాము రాసిన అసలు పాఠం కూడా ఇవ్వాలి.

బర్క్‌లీ విశ్వవిద్యాలయం వైపు నుంచి వచ్చిన మరో శాఖ ఉంది. ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ ఆ ఇంటివి. వాటి లైసెన్సు ఇంకా వదులు, సోర్సు తిరిగి ఇవ్వాలన్న షరతు లేదు.

మా వైపు ఎవరూ వాడుతున్నట్టు లేదే?

మీరే వాడుతున్నారు. గుమ్మం పైన సీసీ కెమెరాల రికార్డర్ పెట్టె, మూలనున్న వైఫై రూటర్ చాలామటుకు లినక్స్ మీదే నడుస్తాయి. చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే అందులో ఉన్నది లినక్స్ కెర్నెలే. పొద్దున్నే వంద కౌంటు ఎంత, ముప్పై కౌంటు ఎంత అని రొయ్యల ధరలు మోసుకొచ్చే వాట్సాప్, 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి ఫ్రీబీఎస్‌డీ సర్వర్ల మీద నడిచింది. ప్రపంచంలో అతివేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి 500కి 500 లినక్సే. కంటికి కనపడని చోట అంతా అదే. కౌంటర్ మీద మాత్రమే విండోస్ కనిపిస్తుంది.

పెద్ద కంపెనీలు ఎందుకు మారాయి? డబ్బు మిగుల్చుకోవడానికేనా?

మొదట డబ్బే. 1990ల్లో గట్టి పని చేయాలంటే సన్, హెచ్‌పీ, ఐబీఎం లాంటి కంపెనీల యూనిక్స్ యంత్రాలు కొనాలి. యంత్రం వాళ్ళదే, సాఫ్ట్‌వేర్ వాళ్ళదే, మరమ్మతు వాళ్ళదే, ధర వాళ్ళు చెప్పిందే. అదే పని మామూలు ఇంటెల్ పీసీ మీద లినక్స్ చేసిపెడుతుంటే లెక్క తారుమారైంది. ఐబీఎం 2001లో లినక్స్ మీద వంద కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించాక పెద్ద సంస్థల్లో సంకోచం పోయింది. 2011లో లండన్ స్టాక్ ఎక్స్చేంజి తన షేర్ల లావాదేవీలను లినక్స్ మీదకి మార్చుకుంది. 2019లో అదే ఐబీఎం, లినక్స్ చుట్టూ సేవలు అమ్మే రెడ్‌హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకి కొనేసింది. ఊరికే వచ్చే సరుకు మీద అంత వ్యాపారం ఎలాగంటే, వాళ్ళు అమ్మింది సరుకు కాదు. పదేళ్ళ పాటు మరమ్మతులు మేం చూసుకుంటామన్న పూచీ.

మైక్రోసాఫ్ట్ సంగతీ చెప్పాలి. 2001లో ఆ కంపెనీ పెద్ద స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2016లో అదే కంపెనీ లినక్స్ ఫౌండేషన్‌లో సభ్యత్వం తీసుకుంది. ఈ రోజు వాళ్ళ క్లౌడ్‌లో నడిచేదాంట్లో పెద్ద వాటా లినక్స్‌దే. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ 2007 నుంచి బాస్ లినక్స్ తెస్తోంది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్సుకి, అంటే సోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కి మొగ్గు చూపాలని కేంద్రం 2015లో విధానమే ప్రకటించింది. కేరళ ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ళ తరబడి కంప్యూటర్ పాఠం లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు.

డబ్బు తర్వాత రెండో కారణం పట్టు. తాళం చెవి మన దగ్గరే ఉంటుంది. రేపు అమ్మినవాడు ధర పెంచితే, లేదా దుకాణం మూస్తే, అదే సాఫ్ట్‌వేర్‌ను ఇంకొకరి చేత చూపించుకోవచ్చు. చిన్న వ్యాపారికి నిజానికి ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుంది, కానీ దాని గురించి అడిగేవాళ్ళు తక్కువ.

ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకు ఈ గోల?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. మన ఆఫీసుల్లో ఉన్న కంప్యూటర్లలో సగానికి పైగా అంతకన్నా పాతవేనని నా అంచనా. అవి నిక్షేపంగా పనిచేస్తున్నాయి, నాలుగు జీబీ ర్యామ్‌తో, ఎప్పుడో వేసిన హార్డ్ డిస్కుతో. ఆ డిస్కు తీసి ఒక ఎస్‌ఎస్‌డీ వేసి తేలికపాటి లినక్స్ ఎక్కిస్తే ఇంకో నాలుగైదేళ్ళు బిల్లులు కొడతాయి.

మాకు విండోస్ కూడా ఊరికే వచ్చింది కదండీ, సర్వీసు కుర్రాడు వేసిచ్చాడు?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరూ కాస్త గొంతు తగ్గిస్తారు. అది దొంగ కాపీ. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. పోలీసులు మీ కొట్టుకే వస్తారని కాదు. ఎగుమతులు చేసే ప్లాంటైతే విదేశీ కొనుగోలుదారుడి తనిఖీలో లైసెన్సు కాగితాలు అడిగే అవకాశం ఉంది. అంతకన్నా దగ్గరి ప్రమాదం ఇంకోటి. ఆ కాపీని నడిపించడానికి వేసే క్రాక్ ప్రోగ్రాము ముందు యాంటీవైరస్‌ను ఆపమంటుంది. అందులో ఏమి దాచి పంపారో వేసినవాడికీ తెలియదు. మీ బ్యాంకు పాస్‌వర్డు కొట్టేది ఆ కంప్యూటర్లోనే.

మరి ట్యాలీ నడుస్తుందా?

అసలు ప్రశ్న ఇదే, మిగతావన్నీ దీని చుట్టాలు. మన వ్యాపారులు లెక్కలు రాసుకునే ట్యాలీ ప్రోగ్రాము విండోస్ కోసం తయారైంది. వైన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి లినక్స్ మీద లేపినవాళ్ళున్నారు. అలా నడిపితే తేడా వచ్చినప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు. మార్చి నెలాఖరున ఖాతాలు మూసే వేళ అది మొరాయిస్తే మీకూ ఆడిటర్ గారికీ రక్తపోటు. నేనైతే ఆ దారి చెప్పను.

నడిచే దారులు రెండు. మొదటిది, ట్యాలీ ఉన్న ఒక్క కంప్యూటర్ని సక్రమమైన లైసెన్సుతో విండోస్ మీదే ఉంచి, మిగతావాటిని లినక్స్‌కి మార్చడం. ఆ లినక్స్ యంత్రాల నుంచి రెమినా అనే ప్రోగ్రాముతో ట్యాలీ యంత్రంలోకి వెళ్ళి పని చేసుకోవచ్చు. ఇక్కడో మెలిక ఉంది. విండోస్ ప్రొ ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిస్తుంది. ముగ్గురు గుమాస్తాలు ఒకేసారి కూర్చోవాలంటే విండోస్ సర్వరూ, మనిషికో లైసెన్సూ కొనాలి. లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపే వర్చువల్ మెషీన్ పెట్టినా లోపలున్న విండోస్‌కి లైసెన్సు కావాల్సిందే. ఈ లెక్క ముందే వేసుకోకపోతే మిగులుతుందనుకున్న డబ్బు అటు నుంచి పోతుంది.

రెండోది, లెక్కల ప్రోగ్రామునే మార్చడం. ముంబయికి చెందిన ఫ్రాపే వాళ్ళు తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్ జీపీఎల్ కింద దొరుకుతుంది. లినక్స్ సర్వర్ మీద కూర్చుంటుంది, పనిచేసేవాళ్ళు బ్రౌజర్లో తెరుచుకుంటారు. జీఎస్‌టీ కోసం ఇండియా కాంప్లయన్స్ అనే తోడు యాప్ ఉంది. రైసు మిల్లుకి ఇది నప్పడానికి కారణం సరుకు లెక్క. ధాన్యం ఒకటే లోపలికి వెళ్తుంది, బియ్యం, నూక, తవుడు, ఊక వేరువేరుగా బయటికొస్తాయి. ప్రభుత్వానికి మర పట్టిచ్చే ధాన్యంలో క్వింటాలుకి 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడైతే 68 కిలోలు అప్పగించాలి. ఏ లాటులో ఎంత దిగిందో, ఎక్కడ తరుగు పోయిందో తెలియాలంటే ఖాతా పుస్తకమూ గోడౌను పుస్తకమూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అయితే దీన్ని మీ మిల్లుకి తగ్గట్టు అమర్చడం రెండు మూడు నెలల పని, ఖర్చూ ఉంటుంది. చిల్లర కొట్టుకి ఇది ఎలక మీద ఏనుగు. అక్కడ వద్దు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకోటి గుర్తుంచుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్, ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో ఆపడానికి వీల్లేని విధంగా రాసిపెట్టాలి. ఊరికే వచ్చినా, కొన్నా ఈ నిబంధన ఒకటే. ఏది తీసుకున్నా ముందు ఆడిటర్ గారికి చూపించండి.

జీఎస్‌టీ, ఈ-వే బిల్లులకి ఇబ్బంది రాదా?

బ్రౌజర్లో చేసేదేదైనా ఇబ్బంది లేదు. ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ ఉంటే చాలు. 50 వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు, అయిదు కోట్ల టర్నోవరు దాటినవాళ్ళకి ఈ-ఇన్‌వాయిస్, రెండూ లినక్స్ నుంచి మామూలుగానే తీయొచ్చు.

చిక్కు డిజిటల్ సంతకం దగ్గర. సొంత వ్యాపారం, భాగస్వామ్య సంస్థ అయితే ఫోనుకొచ్చే ఓటీపీతో రిటర్ను వేసేయొచ్చు. కంపెనీలకీ ఎల్‌ఎల్‌పీలకీ యూఎస్‌బీ టోకెన్ కావాలి. కొన్ని టోకెన్లకి లినక్స్ డ్రైవర్లున్నాయి గానీ, ఒక్కో ప్రభుత్వ పోర్టల్ సంతకం పెట్టించే పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ఆదాయపు పన్ను పనుల్లో మాక్రోలు, అంటే లోపల చిన్న ప్రోగ్రాములు ఉన్న ఎక్సెల్ ఫైళ్ళు ఎదురైతే, ఎమ్మెస్ ఆఫీసు బదులు ఊరికే దొరికే లిబ్రేఆఫీస్‌లో అవి సరిగ్గా నడవకపోవచ్చు. ఈ పనులు ఎలాగూ ఆడిటర్ గారి ఆఫీసులోనే జరుగుతాయి కాబట్టి సంతకానికి ఆ విండోస్ యంత్రాన్నే వాడుకోండి.

ప్రింటర్లు?

లినక్స్ మీద మంచి పేరు గానీ చెడ్డపేరు గానీ ఇక్కడే వస్తుంది. ఆశ్చర్యం ఏంటంటే, పాతవాటితోనే సుఖం. మిల్లుల్లో మూడు కాపీల బిల్లులు కర్రుకర్రుమంటూ కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఎప్సన్ పాత భాష అర్థం చేసుకుంటుంది. దానికి అక్షరాలు నేరుగా పంపితే చాలు. కాగితం ఎక్కడ తెగాలో పేజీ పొడవు ఒకసారి సరిచేసుకోవాలి, లేదంటే మూడో బిల్లు నుంచి గీత మీద అక్షరాలు జారతాయి. కౌంటర్ మీద మూడంగుళాల థర్మల్ ప్రింటర్లూ అంతే, పెద్ద పేచీ ఉండదు. హెచ్‌పీ వాటికి హెచ్‌పీఎల్‌ఐపీ అనే డ్రైవర్ల మూట ఉంది. ఫోను నుంచి నేరుగా ప్రింటు తీసే కొత్త ప్రింటర్లు సాధారణంగా డ్రైవరే అడగవు.

పేచీ పెట్టేది మన ఊళ్ళలో జిరాక్సు కొట్టు నుంచి డాక్యుమెంటు రైటరు బల్ల దాకా ఎక్కడబడితే అక్కడ కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900. అది క్యాప్ట్ అనే తన సొంత పద్ధతిలోనే మాట్లాడుతుంది. దానికి లినక్స్ డ్రైవరు పాతది, ఎక్కించడం ఓపిక పని, ఎక్కినా ఒక్కోసారి ప్రింటర్ ఆపి మళ్ళీ వేస్తే గానీ కదలదు. మీ దగ్గర అదే ఉంటే దాన్ని విండోస్ యంత్రానికే వదిలేయండి.

కాటా కలుస్తుందా?

కలుస్తుంది, విండోస్ కన్నా తేలిగ్గానే. కాటా ఇండికేటర్ వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ సాకెట్ ఉంటుంది. బరువు మారినకొద్దీ అంకెలు అందులోంచి వరసగా వస్తూనే ఉంటాయి. కొత్త కంప్యూటర్లకి ఆ సాకెట్ లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ వైరు పెడతాం. ఆ వైర్లలో వాడే చిప్పుల డ్రైవర్లు లినక్స్ కెర్నెల్లోనే ఉన్నాయి, సీడీలు వెతకక్కర్లేదు. గుచ్చగానే కంప్యూటర్లో ఒక పోర్టు పేరు కనిపిస్తుంది. తెలియనివాళ్ళు ఇరుక్కుపోయేది రెండుచోట్ల. మీ యూజర్ పేరుని డయల్‌అవుట్ అనే గ్రూపులో చేర్చకపోతే అనుమతి లేదంటుంది. ఇండికేటర్ వేగం 2400 అయితే ఇటువైపూ 2400 అనే పెట్టాలి, 9600 పెడితే పిచ్చి గీతలు వస్తాయి. ఈ రెండూ సరిచూసుకుంటే పైథాన్‌లో పది పదిహేను వరసల ప్రోగ్రాము బరువు చదివి బిల్లులో వేసేస్తుంది.

చదివేటప్పుడు మొదటి అంకె పట్టుకోకూడదు. లారీ కాటా మీద ఎక్కి బ్రేకు వేశాక బండి కాసేపు ఊగుతుంది, అంకె కూడా ఊగుతుంది. రొయ్యల ట్రే పెట్టినా అంతే, ఐసు నీరు కారుతున్నంతసేపు గ్రాములు తగ్గుతూ ఉంటాయి. చాలా ఇండికేటర్లు బరువు నిలకడగా ఉందో లేదో ఒక గుర్తు కూడా పంపిస్తాయి. ఆ గుర్తు వచ్చాకే అంకె తీసుకునేట్టు రాయించుకోండి. చెరువు రైతుకీ ప్లాంటుకీ మధ్య సగం తగాదాలు ఆ రెండు మూడు సెకన్లలోనే పుడతాయి. తూనికలు కొలతల శాఖ వేసిన సీలు జోలికి వెళ్ళే పని ఇందులో ఎక్కడా లేదు. వెనక వైరు తగిలించడమే.

ఇప్పటికే వేబ్రిడ్జి కంపెనీ ఇచ్చిన పాత ప్రోగ్రాము పాత విండోస్ మీద సజావుగా నడుస్తుంటే దాన్ని కదిలించకండి. నెట్టు వైరు మాత్రం పీకేయండి.

తెలుగులో బిల్లులు, ఉత్తరాలు వస్తాయా?

ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే యూనికోడ్ తెలుగైతే హాయిగా వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లోపలే ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతినీ పెట్టుకోవచ్చు. పోతన, వేమన, మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు డబ్బు కట్టకుండా దొరుకుతాయి. తెలుగులో లినక్స్ తేవడానికి స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఏళ్ళుగా పనిచేశారు.

యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల మీద బతికే ప్రెస్సువాళ్ళకి మాత్రం వేరే జవాబు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు వేసే చోట పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు ఉంటాయి. ఏళ్ళ తరబడి కూడబెట్టిన డిజైన్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. రాజమండ్రిలో పెళ్ళిళ్ళ సీజనులో ప్రెస్సుకి వెళ్ళి లినక్స్‌లో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ గురించి చెబితే టీ ఇచ్చి పంపించేస్తారు. వాళ్ళది తప్పూ కాదు.

లినక్స్‌కి వైరస్ రాదంటారు, నిజమేనా?

రాదు అనడం అబద్ధం, తక్కువ అనడం నిజం. 2017 మేలో వాన్నాక్రై వచ్చి విండోస్ యంత్రాల ఫైళ్ళకి తాళాలు వేసినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. లినక్స్‌కీ గండాలున్నాయి. 2014లో హార్ట్‌బ్లీడ్, షెల్‌షాక్ అనే లోపాలు సర్వర్లను వణికించాయి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో నమ్మకంగా చేరి, ఓపిగ్గా దొంగ ద్వారం పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని కూపీ లాగిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని బయటపెట్టాడు. సోర్సు అందరికీ తెరిచి ఉండబట్టే చూడగలిగాడు. తెరిచి ఉండబట్టే దొంగా చేరగలిగాడు. అప్‌డేట్లు వారం వారం వేసుకోండి, అందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టకండి.

కరెంటు పోయినా, తుఫానొచ్చినా?

కరెంటు పోతే లినక్స్ వాడే ఎక్స్ట్4 ఫైల్ సిస్టమ్ చాలావరకు తట్టుకుని లేస్తుంది. అయినా యూపీఎస్ ఉండాలి. యూపీఎస్‌కి యూఎస్‌బీ వైరుంటే నట్ అనే ప్రోగ్రాముతో బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ దానంతటదే మూసుకునేట్టు చేయొచ్చు. వేసవిలో ఇది లేకపోతే కుదరదు.

తుఫాను సంగతి వేరు. 1986 ఆగస్టు వరదా, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానూ గుర్తున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సర్వర్ని నేల మీద పెట్టకండి, మేడ మీద గది ఉంటే అక్కడ పెట్టండి. రోజూ రాత్రి పదింటికి ఆర్‌సింక్‌తో మారిన ఫైళ్ళు మాత్రమే రెండో డిస్కుకి వెళ్ళేట్టు చేయడం రెండు వరసల పని. ఆ డిస్కు కూడా అదే బల్ల మీద ఉంటే నీళ్ళొచ్చినప్పుడు రెండూ కలిసే తడుస్తాయి. ఒక కాపీ డెల్టా బయట ఉండాలి. చాలామంది విశాఖలో బంధువుల ఇంట్లో పెడతామంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తగిలింది విశాఖకే. హైదరాబాదు మేలు. నెలకోసారి ఆ కాపీ నుంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీ ఉందో లేదో తెలియనట్టే.

ఏ లినక్స్ వేయించుకోవాలి?

కౌంటర్ మీదకి లినక్స్ మింట్. విండోస్ అలవాటైన చేతికి త్వరగా నప్పుతుంది. సర్వర్‌కి డెబియన్ గానీ ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ. ఎల్‌టీఎస్ రెండేళ్ళకోసారి వస్తుంది, ఒక్కోదానికి అయిదేళ్ళు అప్‌డేట్లుంటాయి. 24.04కి 2029 దాకా గడువుంది. ఆరునెలలకోసారి వచ్చే రకాలు వ్యాపారానికి వద్దు.

సర్వర్లకి సెంటాస్ అనే లినక్స్ రకం వేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ళ సమాచారం పాతదని అర్థం. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8ని 2021 డిసెంబరుతోనే ఆపేశారు. ఊరికే వచ్చేదాన్ని నమ్ముకుంటే ఇంతే అని అప్పట్లో చాలామంది ఎత్తిపొడిచారు. కానీ లైసెన్సు తెరిచి ఉండటంతో దాని జాగాలో రాకీ లినక్స్, ఆల్మాలినక్స్ నెలల్లోనే లేచాయి, యంత్రాలు పెద్దగా తిప్పలు పడకుండా వాటి మీదకి మారాయి.

ఫ్రీబీఎస్‌డీ ఎవరికి?

ఒకటి కన్నా ఎక్కువ ఊళ్ళలో ఆఫీసులున్నవాళ్ళకి ఫైర్‌వాల్‌గా, అంటే నెట్టు గుమ్మం దగ్గర కాపలాగా. ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ దాని మీదే నడుస్తాయి. కౌంటర్ మీద అక్కర్లేదు.

మా గుమాస్తాకి యాభై దాటాయి. నేర్చుకుంటాడా?

ఆయనకి కావలసింది బిల్లు, అడుగున ఏముందో కాదు. తెరమీద నాలుగు బొమ్మలు చాలు: బిల్లింగు, బ్రౌజరు, లెక్కల పట్టీ, ప్రింటు. మొదటి వారం ఫైలు ఎక్కడ దాచాను అన్న వెతుకులాట ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో పని చేసి బయటికి పంపేటప్పుడు ఎక్సెల్ రూపంలో దాచమని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. మొండికేసేది నిజానికి యజమాని గారి అబ్బాయిలు, ఆటలు ఎక్కవని.

ఆగిపోతే ఎవరొస్తారు?

నా దృష్టిలో నిర్ణయం తేల్చేది ఈ ప్రశ్నే. విండోస్ అయితే భీమవరంలో ఏ సందులోనైనా ఒక సర్వీసు కుర్రాడు దొరుకుతాడు. అతను ఫార్మాట్ కొట్టి మళ్ళీ వేస్తాడు, మీ పని నడుస్తుంది. లినక్స్ తెలిసినవాళ్ళు మన దగ్గర లేక కాదు. కాకినాడ జేఎన్‌టీయూ నుంచి భీమవరం దాకా ఇంజనీరింగు కాలేజీల్లో ఆ చదువే చదువుతున్నారు. చదువైపోగానే బెంగళూరు బస్సెక్కుతారు. ఈ ఊళ్ళో ఉండి మిల్లుకి వచ్చి చూసేవాడికి నెలకి ఎంతిస్తామో మనం ఎప్పుడూ లెక్కవేయలేదు. లైసెన్సు మీద మిగిలిన డబ్బు జేబులో వేసుకోకుండా, అందులో సగమైనా ఏడాది ఒప్పందం కింద ఒక మనిషికి కట్టేట్టయితేనే ముందుకెళ్ళండి.

ఒక సౌకర్యం ఉంది. లినక్స్ సర్వర్‌ని ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన దారిలో దూరం నుంచే చూడొచ్చు, దానికి నెట్టు వేగం కూడా పెద్దగా అక్కర్లేదు. బెంగళూరెళ్ళిన కుర్రాడే రాత్రి పూట చూసిపెట్టగలడు. అందుకే ఒప్పందం ఎవరితో చేసుకున్నా ఒకటి పట్టుబట్టండి. రూట్ పాస్‌వర్డు (సర్వర్ మీద పూర్తి అధికారం ఇచ్చేది), ఏమేం ఎక్కించారో రాసిన కాగితం, బ్యాకప్ ఎక్కడుందో చెప్పే కాగితం, మూడూ కవర్లో పెట్టి సీలు వేయించి మీ బీరువాలో పెట్టుకోండి. ఆయన రేపు మానేసినా, ఇంకొకరు వచ్చి ఆ కవరు తెరిచి పని అందుకోవాలి. ఆ కవరు ఇవ్వనన్నవాడి చేత పని చేయించుకోకండి, ఎంత తెలివైనవాడైనా సరే.

ఎవరు మారకూడదు?

మీసేవ కేంద్రాలు, వేలిముద్రతో పని జరిగే చోట్లు. ఆ పరికరాల సాఫ్ట్‌వేర్ ప్రధానంగా విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ వస్తుంది. రక్త పరీక్షల యంత్రాలకి కలిపిన ల్యాబు కంప్యూటర్లు, ఆటోక్యాడ్ మీద పనిచేసే ఇంజనీర్లు, పైన చెప్పిన ప్రెస్సులు. ఒకే కంప్యూటరు, దాంట్లో ట్యాలీ తప్ప ఇంకేమీ లేని కొట్టు కూడా. సక్రమమైన విండోస్ ఒకటి కొనేసుకుంటే గొడవ వదిలిపోతుంది.

మరి ఎక్కడ మొదలెట్టాలి?

వెనక గదిలో. వాడకుండా పడేసిన ఒక పాత కంప్యూటర్ తీసుకుని, రెండు కొత్త డిస్కులు వేసి, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడేట్టు పెట్టి, డెబియన్ ఎక్కించండి. దాని మీద సాంబా అనే ప్రోగ్రాము ఉంటే మీ విండోస్ కంప్యూటర్లన్నిటికీ అది మామూలు షేర్డ్ ఫోల్డర్ లాగే కనిపిస్తుంది. గుమాస్తాలకి తేడా తెలియదు. ట్యాలీ బ్యాకప్పులూ, స్కాన్ చేసిన బిల్లులూ, లారీ రసీదులూ అక్కడికి చేరతాయి. ఒక దాళ్వా సీజను దాన్ని అలా నడవనివ్వండి. ఈలోగా విండోస్ యంత్రాల మీద ఆఫీసు ప్రోగ్రాము బదులు లిబ్రేఆఫీస్, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్ అలవాటు చేయండి. రెండూ విండోస్ మీద కూడా నడుస్తాయి. ప్రోగ్రాములు అలవాటైతే అడుగున ఉన్నది మార్చడం పెద్ద విషయం కాదు. కౌంటర్ వంతు ఆఖరున, అదీ కోతల రద్దీ లేనప్పుడు.

ఏదీ చెరపకుండా ముందు చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ వేసి దాంట్లోంచి కంప్యూటర్ లేపితే, డిస్కులో ఉన్న విండోస్ చెక్కుచెదరదు. తెర మీద ఇన్‌స్టాల్ అన్న బొమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం నొక్కకండి. ఆదివారం కొట్టు మూశాక ఒక గంట కూర్చోండి. ప్రింటర్ మీద ఒక కాగితం తీయండి, జీఎస్‌టీ పోర్టల్ తెరవండి, కాటా వైరు గుచ్చి చూడండి, వైఫై పట్టిందో లేదో చూడండి, పోయిన నెల ఎక్సెల్ ఫైలు తెరిచి మొత్తాలు సరిపోయాయో చూసుకోండి. పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్నిబట్టి వేగం తేల్చేయకండి. అయ్యాక పెన్‌డ్రైవ్ పీకి కంప్యూటర్ వేస్తే సోమవారం పొద్దున మీ విండోస్ మీకు మామూలుగానే వస్తుంది.